లాకౌట్: తాళంచెవి ఎవరి జేబులో?

ఈ సిరీస్‌లో ఇప్పటిదాకా భూమి గురించీ చెరువు గురించీ బడి గురించీ మాట్లాడుకున్నాం. ఈసారి స్విచ్ గురించి రాస్తున్నాను. స్విచ్‌కి చరిత్రేమిటి అని నవ్వొచ్చు. అది వేసే చెయ్యి ఎవరిది, వేసినప్పుడు యంత్రం లోపల ఉన్న చెయ్యి ఎవరిది అని అడిగితే, అది మన చరిత్రే అవుతుంది.

ముందు ఒక మాట చూద్దాం. లాకౌట్. మనకి తెలిసిన అర్థం ఒకటే. యాజమాన్యం గేటుకి తాళం వేసి కార్మికుల్ని రోడ్డు మీద నిలబెట్టడం. సమ్మె కార్మికుడి ఆయుధం, లాకౌట్ యజమాని ఆయుధం అని యూనియన్ క్లాసుల్లో నేర్చుకున్నాం. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో దానికి నిర్వచనం కూడా ఉండేది.

అదే మాటకి ఇంకో అర్థం ఉంది. యంత్రాన్ని రిపేరు చేసేటప్పుడో శుభ్రం చేసేటప్పుడో, దానికి కరెంటు వచ్చే చోట స్విచ్ ఆపి, ఆ స్విచ్‌కి కార్మికుడే తన సొంత తాళం వేసి, చెవి తన జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళడం. అతను బయటికొచ్చి తన చేత్తో తాళం తీసేదాకా మేనేజరైనా, యజమానైనా ఆ యంత్రాన్ని నడపడానికి వీల్లేదు. దీన్నీ లాకౌట్ అనే అంటారు. మొదటి తాళం కార్మికుడి కూడు ఆపుతుంది. రెండో తాళం అతని ప్రాణం కాపాడుతుంది. మొదటి అర్థం మన ఊళ్ళల్లో చిన్నపిల్లలకీ తెలుసు. రెండోది ఐటీఐ చదివి అప్రెంటిస్‌గా వెళ్ళే కుర్రాడికి కూడా చాలాచోట్ల చెప్పరు. ఒక భాషలోకి ఏ అర్థం వచ్చింది, ఏ అర్థం రాలేదు అన్నది అధికారం ఎవరిదో చెప్పే సాక్ష్యం.

ఈ పని ఎలా జరగాలో ముందు తెలుసుకుందాం. ఒక రైస్ మిల్లు అనుకోండి. ధాన్యం పైకి మోసే ఎలివేటర్ జామ్ అయింది. హెల్పర్ కింద మూత తీసి, చెయ్యి పెట్టి, ఇరుక్కున్న ధాన్యం లాగుతున్నాడు. ప్యానెల్ దగ్గరున్న మనిషికి ఈ హెల్పర్ కనబడడు. మోటారు ట్రిప్ అయిందనుకుని స్టార్టర్ నొక్కుతాడు. ఇక్కడ ఎవరూ దుర్మార్గులు కాకపోయినా చెయ్యి పోతుంది. దీనికి విరుగుడు 'జాగ్రత్తగా ఉండు' అని చెప్పడం కాదు. స్టార్టర్ నొక్కినా మోటారు తిరగకుండా చెయ్యడం.

అందుకు వరస ఉంది. ఆ యంత్రానికి శక్తి ఎన్ని దారుల్లో వస్తుందో ముందే రాసుకోవాలి. అక్కడ పనిచేసే అందరికీ చెప్పాలి. యంత్రాన్ని ఆపాలి. మెయిన్ దగ్గర శక్తిని తెంచాలి. తాళం వెయ్యాలి. ముగ్గురు పనిచేస్తుంటే మూడు తాళాలు. ఒకే స్విచ్‌కి పది తాళాలైనా పట్టేలా బెజ్జాలున్న కొక్కెం దొరుకుతుంది. ముగ్గురిలో ఇద్దరు తాళాలు తీసినా, మూడోవాడి తాళం ఉన్నంతసేపు స్విచ్ కదలదు.

తాళం వేశాక కూడా పని మొదలుపెట్టకూడదు. మెయిన్ ఆపినంత మాత్రాన శక్తి మాయమైపోదు. పైకెత్తిన లోడులో ఉంటుంది. బిగుసుకున్న స్ప్రింగులో, హైడ్రాలిక్ నూనె ఒత్తిడిలో, కంప్రెసర్ గాలిలో, పైపులో మిగిలిన ఆవిరిలో, కెపాసిటర్‌లో ఉంటుంది. మన ఎలివేటర్‌నే చూడండి. ధాన్యంతో నిండిన బకెట్ల బరువుకి బెల్టు వెనక్కి తిరిగే ప్రమాదం ఉంది. ఆ మిగిలిన శక్తిని కూడా వదిలించాలి, లేదా కదలకుండా కట్టెయ్యాలి. చివరగా, మనుషులంతా దూరంగా ఉన్నప్పుడు స్టార్టర్ నొక్కి చూడాలి. తిరగలేదా? అప్పుడు చెయ్యి పెట్టాలి.

ఖర్చెంత? ఒక తాళం, ఒక కొక్కెం, ఒక చీటీ, కొన్ని నిమిషాలు. ఇది దొరక్కపోవడానికి డబ్బు ఒక్కటే కారణం అంటే నేను నమ్మను. ఈ తాళం ఒక అధికారం. హెల్పర్ తాళం వేస్తే మేనేజర్ ఆగాలి. కింద ఉన్నవాడి మాట కోసం పైన ఉన్నవాడు కాచుకుని ఉండాలి. మన సమాజానికి ఇది అలవాటు లేని పని.

చరిత్రలోకి వెళ్దాం. పాత మిల్లుల్లో ప్రతి యంత్రానికీ సొంత మోటారు ఉండేది కాదు. ఒక్క ఆవిరి ఇంజను, దాని నుంచి షెడ్డు పొడుగునా తిరిగే ఒక పెద్ద షాఫ్ట్, ఆ షాఫ్ట్ నుంచి ఒక్కో యంత్రానికి ఒక్కో బెల్టు. బెల్టుని వదులు పుల్లీ మీదికి జరిపి ఒక యంత్రాన్ని ఆపొచ్చు గానీ, పైన షాఫ్ట్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. దాన్ని ఆపితే మిల్లు మొత్తం ఆగుతుంది. ఆగితే యజమానికి నష్టం. అందుకే తిరుగుతున్న దానికే నూనె పొయ్యడం, తిరుగుతున్న దానికిందే దూది ఊడ్చడం రివాజయింది. బ్రిటన్‌లో 1844 చట్టం షాఫ్టులకి కంచె కట్టమంది. తిరుగుతున్న మిల్లు గేరు దగ్గర పిల్లల చేత, ఆడవాళ్ళ చేత శుభ్రం చేయించొద్దంది. మన దేశంలో మొదటి ఫ్యాక్టరీల చట్టం 1881లో వచ్చింది.

స్వతంత్ర భారతదేశం తెచ్చిన 1948 ఫ్యాక్టరీల చట్టం తీసి చదవండి. సెక్షన్ 21 యంత్రాలకి కంచె గురించి. సెక్షన్ 22 నడుస్తున్న యంత్రం దగ్గర పని గురించి. యంత్రం నడుస్తుండగానే పరీక్షించాల్సి వస్తే, ప్రత్యేక శిక్షణ పొందిన వయోజన పురుష కార్మికుడే చెయ్యాలి, ఒంటికి అంటుకునే బట్టలు యాజమాన్యమే ఇవ్వాలి, అతని పేరు రిజిస్టర్‌లో ఉండాలి అంటుంది. ఆడవాళ్ళు, చిన్నవయసువాళ్ళు చెయ్యకూడదంటుంది. మంచిదే. యంత్రం నడుస్తూ ఉండొచ్చన్నది మాత్రం చట్టం ఒప్పుకున్న విషయం.

తాళం మాట సెక్షన్ 24లో, అదీ 1976 సవరణలో వచ్చింది. కరెంటు ఆపే పరికరం పొరపాటున 'ఆఫ్' నుంచి 'ఆన్'కి జారే రకమైతే, దాన్ని సురక్షిత స్థితిలో తాళం వేసే ఏర్పాటు ఉండాలంది. తాళం ఉండాలి, సరే. చెవి ఎవరి దగ్గర ఉండాలి? ఆ సెక్షన్‌లో లేదు. చట్టంలో ఆ ఖాళీ ఉన్నచోట ఊళ్ళో ఉన్న వరసే వచ్చి కూర్చుంటుంది. తాళంచెవుల గుత్తి ఎప్పుడూ ఎవరి మొలకి వేలాడుతుందో మీకు తెలుసు.

యంత్రం దగ్గర కులం పనిచెయ్యదని, ఆధునికత వచ్చాక అందరూ 'కార్మికులే' అని అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళకి బొంబాయి మిల్లుల్ని చూపించాలి. అక్కడ స్పిన్నింగ్‌లో అంటరానివాళ్ళు పనిచేశారు. కూలి ఎక్కువ వచ్చే నేతఖాతాలోకి మాత్రం రానివ్వలేదు. మగ్గం మీద దారం అతికేటప్పుడు నోటితో తడి చేస్తారు కాబట్టి మైల అంటుకుంటుందన్నారు. 1928 సమ్మె రోజుల్లో అంబేద్కర్ ఈ ప్రశ్నని కార్మిక నాయకుల ముందు పెట్టాడు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జరిగిన రైల్వే దళిత కార్మికుల సభలో, మనవాళ్ళు గ్యాంగ్‌మన్లుగానే ఎందుకు ఉండిపోతున్నారో వివరించాడు. బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం రెండూ శత్రువులేనని ఆయన చెప్పింది ఆ సభలోనే. రోజూ పట్టాల మీద నిలబడి పనిచేసేవాళ్ళ ముందు చెప్పాడని గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో సంగతి. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో అంబేద్కర్ కార్మిక సభ్యుడు. విద్యుత్తు కూడా అప్పుడు కార్మిక శాఖ కిందే ఉండేది. యుద్ధం తర్వాత దేశానికి కరెంటు ఎలా ఇవ్వాలో ఆలోచించే విధాన కమిటీకి 1943లో ఆయనే అధ్యక్షుడు. ఫ్యాక్టరీల భద్రత మీద సలహా ఇచ్చే కేంద్ర కార్యాలయం 1945లో ఆ శాఖలోనే పుట్టింది. వారానికి 48 గంటల పని తెచ్చిన 1946 సవరణా ఆ కాలానిదే. తర్వాత 1948 ఫ్యాక్టరీల చట్టాన్ని తెచ్చిన కార్మిక మంత్రి జగ్జీవన్ రామ్. యంత్రమూ కరెంటూ కార్మికుడి శరీరమూ ఒకే బల్ల మీద ఫైళ్ళుగా ఉన్న రోజుల్లో ఆ బల్ల వెనక కూర్చున్నది మనవాళ్ళు. మన చరిత్రని రాజ్యాంగంతోనే మొదలుపెట్టి రిజర్వేషన్లతో ముగించేవాళ్ళు ఈ పేజీలు తిప్పరు.

ఇప్పుడు అమెరికాకి ఒకసారి వెళ్ళొద్దాం. ఈ తాళానికి కచ్చితమైన చట్ట రూపం అక్కడే వచ్చింది. తాళం వేసే నిబంధన కావాలని ఆటో కార్మికుల యూనియన్ యూఏడబ్ల్యూ 1979లో ప్రభుత్వ భద్రతా సంస్థ ఓషాకి అర్జీ పెట్టుకుంది. నిబంధన 1989 సెప్టెంబర్ 1న ప్రచురితమై, 1990 జనవరి 2 నుంచి అమల్లోకి వచ్చింది. అర్జీకీ నిబంధనకీ మధ్య పదేళ్ళు. దీనివల్ల ఏటా సుమారు 120 మరణాలు, 50 వేల గాయాలు తప్పుతాయని ఓషా అంచనా. మామూలు పరిస్థితుల్లో తాళం వేసినవాడే తియ్యాలన్నది ఆ నిబంధనకి ఆయువుపట్టు.

అక్కడ ఒక పెద్ద వాదన నడిచింది. తాళమే వెయ్యాలా, చీటీ తగిలిస్తే చాలదా? 'మనిషి లోపల ఉన్నాడు, వెయ్యొద్దు' అని రాసిన అట్ట అన్నమాట. కంపెనీలకి చీటీ ఇష్టం. యూనియన్లు తాళం కావాలన్నాయి. చివరికి తాళానికే మొదటి స్థానం ఇచ్చారు. షరతులతో చీటీకీ చోటు ఉంచారు.

ఈ తేడా మనకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. చీటీ ఎదుటివాడి మంచితనం మీద ఆధారపడుతుంది. తాళం ఆధారపడదు. ఊరి గోడ మీద 'అంటరానితనం నేరం' అని రాసుంటుంది. ఆ గోడ పక్కనే హోటల్లో రెండు గ్లాసులుంటాయి. అది చీటీ. తాళం వెయ్యని చోట చీటీ ఎంతకాలం వేలాడినా గాలికి ఊగుతుంది, అంతే.

చీటీ కూడా లేని చోట ఏమవుతుందో 1984 డిసెంబర్ 2 రాత్రి భోపాల్ చూపించింది. యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలో ఆ రాత్రి పైపులు నీళ్ళతో కడుగుతున్నారు. అలా కడిగేటప్పుడు, నీళ్ళు అవతలికి పోకుండా పైపు జాయింటులో ఒక ఇనుప బిళ్ళ అడ్డంగా బిగించాలి. దాన్ని స్లిప్ బ్లైండ్ అంటారు. అది నీళ్ళకి వేసే తాళం. ఆ బిళ్ళ బిగించలేదని, నీళ్ళు అలా 610 నంబరు ట్యాంకులోని మిథైల్ ఐసోసైనేట్‌లోకి చేరాయని కార్మికులు చెప్పారు. కంపెనీ మాత్రం ఎవరో కార్మికుడు కావాలనే నీళ్ళు కలిపాడంది. నీళ్ళు ఎలా వెళ్ళాయన్నది పక్కన పెట్టినా కొన్ని విషయాల్లో వాదన లేదు. గ్యాసుని చల్లగా ఉంచే యూనిట్‌ని అప్పటికే నెలల ముందు ఆపేశారు. గ్యాసుని కాల్చేసే టవర్, పైపు మరమ్మతులో ఉండి పనిచెయ్యలేదు. మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ పోస్టుని ఖర్చు తగ్గింపులో ఎత్తేశారు. సుమారు 40 టన్నుల విషం గోడ అవతలి బస్తీల మీదికి వెళ్ళింది. రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకున్న మరణాలే 3,787. తాళం లేని మెయింటెనెన్స్ లోపలున్న మనిషితో ఆగదు, గోడ దాటి వస్తుంది. ఆ గోడ పక్కన ఇల్లు కట్టుకునేది ఎవరో చెప్పక్కర్లేదు.

ఇక మన ఊరి కరెంటు స్తంభం దగ్గరికి రండి. లాకౌట్ అన్న మాట మనకి కొత్తయినా, ఎల్సీ అన్న మాట పల్లెల్లో అందరికీ తెలుసు. లైన్ క్లియర్. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ ఆపరేటర్ దగ్గర ఎల్సీ తీసుకోవాలి. ఆపరేటర్ బ్రేకర్ ఆపి, పుస్తకంలో రాసుకుంటాడు. పనిచేసే చోట ఏబీ స్విచ్ తెరవాలి. తీగల్లో కరెంటు లేదని చూసుకోవాలి. రెండు పక్కలా ఎర్త్ రాడ్లు తగిలించాలి. అప్పుడు ఎక్కాలి. దిగాక ఎల్సీ తిరిగి ఇవ్వాలి. పద్ధతి చక్కగా ఉంది.

మనిషి ఎక్కడ చచ్చిపోతాడు? ఒక ఫీడర్‌కి ఎల్సీ తీసుకుని ఇంకో ఫీడర్ తీగ ముట్టుకున్నప్పుడు. ఎవరి ఇంట్లోనో జనరేటర్ వేస్తే కరెంటు వెనక్కి వచ్చినప్పుడు. ఎల్సీ ఒకరు తీసుకుని స్తంభం ఇంకొకరు ఎక్కినప్పుడు. ఈ చివరిది మన కథ. ఎల్సీ ఉద్యోగి పేరున ఉంటుంది. స్తంభం మీద రోజుకూలికి వచ్చిన ప్రైవేటు హెల్పర్ ఉంటాడు. ఏ రిజిస్టర్‌లోనూ అతని పేరు ఉండదు. ఫోన్లో 'అయిపోయింది, ఇచ్చెయ్' అన్న మాట కింద నుంచి వెళ్తుంది. పైనున్నవాడి చేతిలో తాళంచెవి లేదు, ఫోనూ లేదు. పొలాల్లో ఇంకా ఘోరం. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోతే, పైరు ఎండుతోందని రైతో పాలేరో స్వయంగా వేస్తాడు. ఏబీ స్విచ్ తుప్పుపట్టి ఉంటుంది. మూడు బ్లేడుల్లో ఒకటి విడిపోదు. దేశంలో ఏటా కరెంటు షాక్‌తో 10 వేల మందికి పైగా చనిపోతున్నారని జాతీయ నేర నమోదు సంస్థ లెక్క. అందులో మన వాటా ఎంతో ఆ లెక్క చెప్పదు. నేను చూసిన ప్రమాద నివేదికల్లో వయసు ఉంది, పని ఉంది, గాయం ఉంది. కులం కాలమ్ ఎక్కడా లేదు.

సాహిత్య విద్యార్థిగా నాకు ఇక్కడ భాష మీద ఒక గొడవ ఉంది. 'యంత్రంలో పడి కార్మికుడి మృతి', 'ప్రమాదవశాత్తు విద్యుదాఘాతం'. ఈ వాక్యాల్లో పడిందీ అతనే, చనిపోయిందీ అతనే. స్విచ్ వేసిన చెయ్యి లేదు. తాళం కొనని యజమాని లేడు. వ్యాకరణంలోనే నిందితుడు విడుదలైపోయాడు. శ్రీశ్రీ 'ప్రతిజ్ఞ' మొదలుకుని మన అభ్యుదయ కవిత్వం యంత్రాన్ని భూతంగా చూడ్డం నేర్పింది. కష్టజీవి పట్ల ఆ కవిత్వానికున్న ప్రేమని శంకించను. కానీ భూతానికి స్విచ్ ఉండదు, యంత్రానికి ఉంటుంది. భూతం మింగిందంటే ఏడుస్తాం. స్విచ్ వేశారంటే ఎవరని అడుగుతాం. మనకి రెండో భాష కావాలి.

దసరాకి ఆయుధపూజ చూడండి. ఆ రోజు యంత్రాన్ని పూర్తిగా ఆపుతారు. కడుగుతారు, తుడుస్తారు, పసుపు కుంకుమ పెడతారు, గుమ్మడికాయ కొడతారు. బొట్టు పెట్టడానికి మెయిన్ ఆపగలిగినవాళ్ళు, మనిషి చెయ్యి పెట్టడానికి ఆపలేరా? ఉత్పత్తి ఆగిపోతుందన్న సాకు ఆ ఒక్క రోజుతోనే తేలిపోతుంది.

ఇప్పుడు ఇదెందుకు? నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. కరెంటుతో నడిచే చోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ అనేది పాత చట్టం. కొత్త భద్రతా కోడ్‌లో ఆ సంఖ్య ఇరవై. ఇన్‌స్పెక్టర్ పేరు 'ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్' అయింది. యంత్రానికి కంచె, తాళం లాంటి వివరాలు చట్టం పాఠంలోంచి ప్రభుత్వం నోటిఫై చేసే ప్రమాణాల్లోకి, రూల్స్‌లోకి వెళ్ళాయి. అంటే ఆ ప్రమాణాలు రాసే దగ్గర, ఆ రూల్స్ మీద అభ్యంతరాలు అడిగే దగ్గర మనం ఉండాలి. రాజ్యాధికారమే మాస్టర్ కీ అని సభల్లో చెప్పుకుంటాం. ఆ మాస్టర్ కీతో తియ్యాల్సిన చిన్న తాళాల్లో ఇదొకటి.

మన డిమాండ్ ఒక్క వాక్యం: ఎవరి ఒళ్ళు యంత్రంలో ఉందో వాళ్ళ జేబులోనే తాళంచెవి ఉండాలి. పర్మినెంటా, కాంట్రాక్టా, అప్రెంటిసా, రోజుకూలీనా అన్న తేడా లేకుండా. మ్యాన్‌హోల్ విషయంలో మాత్రం ఈ డిమాండ్ చాలదు. అక్కడ మనిషిని జాగ్రత్తగా దింపమని అడగం. అసలు దింపొద్దంటాం. 2013 చట్టం, 2014 మార్చి 27 సుప్రీంకోర్టు తీర్పు మన పక్షానే ఉన్నాయి.

నిజనిర్ధారణకి వెళ్ళే మిత్రులు ఈ ప్రశ్నలు జేబులో పెట్టుకోండి. ఆ రోజు పనికి పర్మిట్ రాశారా, ఎవరి పేరున? శక్తి ఎన్ని దారుల్లో వస్తుంది, ఎన్ని ఆపారు? తాళాలు ఎన్ని, లోపల మనుషులు ఎంతమంది? పని మొదలుపెట్టే ముందు స్టార్టర్ నొక్కి చూశారా? చనిపోయిన మనిషి పేరు ఏ రిజిస్టర్‌లో ఉంది, ఏ భాషలో శిక్షణ ఇచ్చారు? పోలీసులు ప్రమాద మరణంగా రాసి వదిలేశారా, నిర్లక్ష్యం వల్ల మరణం కింద భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 పెట్టారా? ఆరో ప్రశ్న అయ్యాక ఏడోది కూడా అడగండి. అతనిది ఏ కులం, స్విచ్ దగ్గరున్నవాళ్ళది ఏ కులం? ప్రభుత్వం ఆ కాలమ్ గీసేదాకా మన నివేదికల్లో మనమే గీసుకుందాం.

గేటు ముందు శవాన్ని పెట్టుకుని లక్షలు మాట్లాడుకోవడం దగ్గరే చాలా పోరాటాలు ఆగిపోతున్నాయి. ఆ కుటుంబానికి డబ్బు కావాలి, దాని కోసం కొట్లాడాల్సిందే. ఒప్పంద పత్రంలో ఇంకో షరతు కూడా రాయించండి. రేపటి షిఫ్టు మొదలయ్యే లోపు ఈ యంత్రం దగ్గర పనిచేసే ప్రతి ఒక్కరికీ పేరు రాసిన తాళం ఇవ్వాలని. డబ్బు పోయినవాడి ఇంటికి వెళ్తుంది. తాళం రేపు ఆ చోట నిలబడేవాణ్ణి ఇంటికి పంపిస్తుంది.

ఐటీఐ, డిప్లొమా చదువుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, అప్రెంటిస్‌ల చట్టం సెక్షన్ 14 మీకూ కార్మికులతో సమానంగా భద్రత ఉందంటుంది. మొదటి రోజు ఐడీ కార్డు ఎలా అడిగి తీసుకుంటారో, తాళం కూడా అలాగే అడగండి. ఒక్కరే అడిగితే పొగరంటారు. పదిమంది కలిసి అడగండి.

జై భీమ్.